నాలా దగ్గర ఇల్లు కొంటున్నాం: ఎఫ్‌టీఎల్ బయట ఉంటే సరిపోతుందా?

తూర్పుగేటు
హైదరాబాద్ రామంతాపూర్ వైపు 150 గజాల్లో కట్టిన పాత ఇల్లు ఒకటి బేరంలో ఉంది. కింద రెండు గదులు, వంటిల్లు, బాత్రూం. పైన రెండు అంతస్తులు. సెల్లార్ లేదు, గేటు లోపల 8 వేల లీటర్ల సంపు ఉంది. వీధి చివర నాలా (వాననీటి కాలువ), అక్కడికి రెండు వందల అడుగులు ఉంటుంది. "చెరువు ఎఫ్‌టీఎల్‌కి, బఫర్‌కి బయటే ఉంది, భయం లేదు" అని మధ్యవర్తి మ్యాపు చూపిస్తున్నాడు. ఆ ఒక్క మాట మీద ధైర్యం చేయొచ్చా? కొనేముందు మనమే చూసుకోగలిగిన పరీక్షలు ఏమున్నాయి?

మూసీకాడ
చేయకండి. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే చెరువు అలుగు పారే మట్టానికి నిండినప్పుడు నీటి అంచు ఎక్కడ ఉంటుందో చెప్పే గీత. అది చట్టానికి పనికొచ్చే గీత. వరద ఎక్కడిదాకా వస్తుందో ఆ గీత చెప్పదు. అలుగు దూకిన నీరు కింది చెరువుకు పోయే దారి మొత్తం ఎఫ్‌టీఎల్‌కి బయటే కదా ఉండేది! 2020 అక్టోబరు వరదలో దెబ్బతిన్న కాలనీల్లో చాలావాటిని ముంచింది పైచెరువు నుంచి దిగిన నీరే. పల్లె చెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ, బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ మునిగాయి. రెండుచోట్లా జనం ఉన్నది కట్టకు దిగువన.

బఫర్ అంటే ఆ గీత నుంచి ఏమీ కట్టకుండా వదలాల్సిన అంచు. దాని లెక్క కూడా తెలుసుకోండి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లే. మున్సిపల్ పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు. నాలా గోడకు రెండు మీటర్ల అవతల కట్టిన ఇల్లు రూలు ప్రకారం సక్రమమే, వానకు మాత్రం ఆ రూలు పట్టదు.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో మ్యాపు తీసినప్పుడు అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా చూడండి. ప్రాథమికమైతే గీత ఇంకా కదలొచ్చు. మధ్యవర్తి ఫోన్‌లో చూపించే స్క్రీన్‌షాట్ మీద సర్వే నంబరు, తేదీ రెండూ కనిపించకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

పాతపటం
పైవారు చెప్పినదానికి ఒక చేర్పు. హైదరాబాద్ చెరువులు గొలుసుకట్టు. ఒకదాని అలుగు ఇంకోదానికి వరద కాలువ. మధ్యలో కుంట పూడిపోయి కాలనీ లేచినా నీటికి ఆ దారి గుర్తే ఉంటుంది. ఇవి చూడండి:

1908 మూసీ వరద తర్వాత ఇంజనీరు లియొనార్డ్ మన్ 1912–15 మధ్య చేయించిన హైదరాబాద్ మున్సిపల్ సర్వే పటాలు. పాతనగరం, మూసీ ఒడ్డు, చాదర్‌ఘాట్ ప్రాంతాలకు ఇంతకన్నా మంచి ఆధారం లేదు. రామంతాపూర్ లాంటి శివార్లకు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఎత్తుపల్లాలు, చెరువులు చూపే పటాలు) చూడండి, 56కే వరుసలోవి. పాత షీట్లలో నీలి రంగులో ఉన్న కుంట ఇప్పుడు ఉపగ్రహ చిత్రంలో ఇళ్లుగా కనిపిస్తే జాగ్రత్త పడాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరుపుకుంటూ వెళ్తే నాలా ఎప్పుడు సన్నబడిందో, ఎక్కడ స్లాబు పడిందో కళ్లకు కడుతుంది. రెవెన్యూ పహాణీలో ఆ సర్వే నంబరుకు 'శికం' (చెరువు గర్భంలోని భూమి) అన్న మాట ఎక్కడైనా ఉందా అన్నది విడిగా చూసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. ఉచితంగా దొరికే ఎత్తు డేటాను నమ్మి "మన ఇల్లు 498 మీటర్లు, నాలా 496, రెండు మీటర్లు పైనున్నాం" అని సంబరపడొద్దు. అందులో ఒక్కో గడి 30 మీటర్ల వెడల్పు, ఎత్తులో పొరపాటు మీటర్లలోనే ఉంటుంది. పైగా ఇళ్ల కప్పులు, చెట్ల కొమ్మల ఎత్తు కూడా నేల ఎత్తులో కలిసిపోతుంది. వీధి ఎటు వాలుతోందో పైపైన చూడటానికి పనికొస్తుంది, గడప ఎత్తు తేల్చడానికి పనికిరాదు.

లెవెల్_మేస్త్రి
గడప ఎత్తు తేల్చుడు రూపాయి ఖర్చు లేని పని అన్నా. మేస్త్రి కాడ లెవెల్ పైపు ఉంటది, 15 మీటర్ల ట్రాన్స్‌పరెంట్ గొట్టం. ఎట్ల చెయ్యాల్నో చెప్త.

ముందుగాల వీధిల నీళ్లు ఏడిదాక వచ్చినయో గుర్తు పట్టాలె. ఓనర్‌ని అడగకు, అమ్మేటోడు చెప్పడు. వీధి మొగల కిరాణ దుకాణం షటర్ చూడు, కింద తుప్పు ఒక ఎత్తుల గీత లెక్క ఆగిపోతది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఖాళీ ప్లాటు ప్రహరీ లోపలి మొఖం, ఎన్నడు సున్నం ఎయ్యని గోడలు, ఇవి అబద్ధం ఆడయి. మూడు నాలుగు చోట్ల గుర్తులు దొరికితే అన్నీ ఒక్క లెవెల్‌కు వస్తున్నయా చూడాలె. ఒక్కటి మాత్రం ఎక్కువుంటె అది బండ్లు పోయినప్పుడు ఎగిరిన అలల మరక కావొచ్చు.

ఇగ గొట్టం నిండ నీళ్లు పోయాలె, బుడగ ఒక్కటి గూడ ఉండొద్దు. బుడగ ఉంటె లెవెల్ తప్పుతది. నీళ్లల్ల కొంచెం నీలిమందు కలిపితే మంచిగ కనవడతది. ఒకరు మరక కాడ పట్టుకోవాలె, ఇంకొకరు ఇంటి దిక్కు. రెండు మూతులు తెరిచే ఉండాలె. నీళ్లు ఊగుడు ఆగినంక గీత గియ్యాలె. దూరం ఎక్కువుంటె ఆ గీత కాడికెళ్లి మళ్ల ముందుకు. గేటు కాడికి వచ్చినంక ఆ గీతకెంచి రోడ్డుకు ఎంత, లోపలి గచ్చుకు ఎంత, టేపుతోని కొలువు. ఎండల పడ్డ గొట్టం ఒక దిక్కు ఏడెక్కితే తేడా వస్తది, పొద్దుగాల చెయ్యి.

ఇంకోటి. రోడ్డు కొత్తగ ఏసినప్పుడల్ల పాతది తవ్వకుండ మీదికెళ్లే ఏస్తరు. ఇరవై ఏండ్ల కింద రోడ్డుకు మూడు మెట్లు పైకున్న ఇల్లు ఇప్పుడు ఒక్క మెట్టుకు వచ్చింది. మురికి కాలువ ఎత్తు, రోడ్డు ఎత్తు, ఇంటి గచ్చు, మూడు కొలిచి రాస్కో.

హిమాయత్_బాగ్
అంత అవసరమా? 2020 లాంటి వాన ఏ ఇరవై ఏళ్లకో వస్తుంది. దానికోసం కొనే ఇంటిని వదులుకుంటామా?

లెక్కలసారు
ఆ 'ఏ ఇరవై ఏళ్లకో' అన్న మాటనే లెక్కలో పెడదాం. ఏటా 4 శాతం అవకాశమున్న వరదను 25 ఏళ్ల వరద అంటారు. ఇంటి అప్పు 30 ఏళ్లనుకోండి. ఆ 30 ఏళ్లలో ఒక్కసారైనా అది వచ్చే అవకాశం సుమారు 71 శాతం. ఏటా 1 శాతం ఉండే నూరేళ్ల వరదకు కూడా 26 శాతం. పదేళ్ల వరదైతే 96 శాతం, అంటే వచ్చినట్టే. ఒకసారి వచ్చింది కాబట్టి ఇక ఇరవై ఏళ్లు రాదని అనుకోవడానికి ఈ లెక్కలో చోటే లేదు, వచ్చే ఏడూ అదే 4 శాతం. బేగంపేటలో 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరులో 19 సెంటీమీటర్లు ఒక్కరోజులో నమోదయ్యాయి. 2025 సెప్టెంబరులో మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చింది.

వీధి నాలా సంగతి ఇంకా ఘోరం. దానికి ఇరవై సెంటీమీటర్ల వాన అక్కర్లేదు, గంటలో ఐదు సెంటీమీటర్లు చాలు. చదరపు కిలోమీటరు పరీవాహకం, అంటే వంద హెక్టార్లు, అంతా కాంక్రీటే అనుకుంటే పడిన నీటిలో 80 శాతం పారుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల వానకు సెకనుకు 11 ఘనపు మీటర్లు వస్తాయి (0.8 × 50 × 100 ÷ 360). మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న నాలా, నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారితే, పట్టేది 9 ఘనపు మీటర్లు. పూడిక సగం ఉంటే నాలుగున్నర కూడా పట్టదు, ఎందుకంటే లోతు తగ్గితే వేగమూ తగ్గుతుంది. మిగిలిన నీరు మీ వీధిలోకే.

మూసీకాడ
లెక్కలసారు నాలా పొడవంతా ఒకే వెడల్పు అనుకుని లెక్కవేశారు. నిజానికి నాలా పట్టే నీటిని నిర్ణయించేది దాని ఇరుకైన చోటు. కొనే ఇంటి నుంచి దిగువకు ఒక కిలోమీటరు నడవండి. కల్వర్టు కింద అడ్డంగా వెళ్లే తాగునీటి పైపు, దానికి చుట్టుకున్న గుడ్డలు, ప్లాస్టిక్, పరుపులు, స్లాబు వేసి పైన కట్టిన దుకాణాలు, హఠాత్తుగా లంబకోణంలో తిరిగిన మలుపు... ఇరుకు మీ ఇంటికి దిగువన ఉంటే నీరు వెనక్కి ఎగదన్ని మీ వీధి మునుగుతుంది. ఎగువన ఉంటే పై వీధివాళ్లు మునుగుతారు, మీరు కొంత తప్పించుకుంటారు. రేపు అధికారులు పై ఇరుకును వెడల్పు చేశారంటే మాత్రం ఆ నీరంతా మీ దగ్గరికే వస్తుంది. నాలా పనులు ఎప్పుడూ దిగువ నుంచి మొదలుపెట్టి పైకి రావాలనేది ఇందుకే.

నాలా చివర ఎక్కడ కలుస్తుందన్నదీ ముఖ్యమే. హుస్సేన్‌సాగర్ అలుగు నాలా అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీలో పడుతుంది. మూసీ నిండుగా ఉన్నప్పుడు అలాంటి నాలాలన్నీ నోరు మూసుకుంటాయి. నగరంలో వాన ఆగాక కూడా మూసానగర్, కమల్‌నగర్ వైపు నీరు పెరగడానికి కారణం జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తడం. పైన వికారాబాద్, శంకర్‌పల్లి వైపు పడిన వాన కొన్ని గంటల తర్వాత ఇక్కడికి చేరుతుంది.

బస్తీఅక్క
మా దిక్కు నాలా నీళ్లకన్న ముందుగాల బాత్రూంలకెంచి మురికి నీళ్లు ఎగదన్నుడే పెద్ద బాధ. గేటు కాడ బస్తాలు పెట్టి మురుస్తరు, లోపల కమోడ్ నుంచి వస్తయి. దాని గురించి ఎవ్వరు రాస్తలేరు.

పైపుపని
అక్కా, సరిగ్గా అడిగారు. దీనికి ఒకటే పరీక్ష: రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత ఎత్తు, ఇంటి అతి కింది కమోడ్ అంచు ఎత్తు. నేల జాలీ అంతకన్నా కిందే ఉంటుంది కాబట్టి అసలు కొలవాల్సింది దాన్నే. మ్యాన్‌హోల్ నిండి మూతదాకా వస్తే ఇంటి లైనులోనూ నీరు అదే మట్టానికి వస్తుంది. జాలీ మూత కన్నా కిందుంటే గేటు దగ్గర ఎన్ని బస్తాలు పెట్టినా దండగ.

మందు నాన్‌రిటర్న్ వాల్వు. ఇంటి ఆఖరి చాంబరుకు, రోడ్డు లైనుకు మధ్య 110 లేదా 160 మిల్లీమీటర్ల పైపు మీద, లోపల రేకులా పైనుంచి వేలాడే తలుపుండే రకం పెట్టాలి. నీరు బయటికి పోతే తెరుచుకుంటుంది, వెనక్కి వస్తే మూసుకుంటుంది. ఎక్కడ తప్పుతుందంటే: వెంట్రుకలు, గుడ్డపీలికలు, శానిటరీ ప్యాడ్లు తలుపు కింద ఇరుక్కుంటే అది పూర్తిగా మూయదు. అందుకే వాల్వును భూమిలో పూడ్చేయకుండా మూత తీసి చెయ్యి పెట్టగలిగే చాంబరులో పెట్టించండి, వానాకాలం ముందు ఒకసారి, మధ్యలో నెలకోసారి కడగండి. బాణం గుర్తు రోడ్డు వైపు ఉండాలి. తిప్పి బిగించిన ఇళ్లు తక్కువేం లేవు.

రెండోది చాలామంది మరిచిపోయేది. వాల్వు మూసుకున్నంతసేపు మీ ఇంటి నీరు కూడా బయటికి పోదు. డాబా మీది వాన పైపును మురుగు చాంబరులోకి కలిపి ఉంటే మీ వానే మిమ్మల్ని ముంచుతుంది. 150 గజాల కప్పు మీద పది సెంటీమీటర్ల వాన పడితే 12,500 లీటర్లు. ముందు ఆ పైపును విడదీసి ఇంకుడుగుంతకో వీధి కాలువకో తిప్పించండి. ఆ తర్వాతే వాల్వు. పై అంతస్తులవాళ్లకు కూడా చెప్పాలి, వాన దంచుతున్నప్పుడు వాషింగ్ మెషీన్ వేయొద్దని.

వాల్వు లేనివాళ్లు ఆ పూటకు రబ్బరు ప్లగ్గు వాడొచ్చు. మధ్యలో బోల్టు తిప్పితే రబ్బరు ఉబ్బి పైపును పట్టేస్తుంది. జాలీలకు అది, కమోడ్‌కు మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఇసుక పోసి దింపేయడం.

సంపు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. వరద హెచ్చరిక వస్తే సంపు ఖాళీ చేసేవాళ్లున్నారు, మురికినీళ్లు కలిస్తే వృథా అని. తలకిందుల ఆలోచన. భూమి నానితే ఖాళీ సంపును నీరు కిందనుంచి పైకి నెడుతుంది. పాతిపెట్టిన 5 వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే దాని మీద పైకి నెట్టే బలం ఐదు టన్నులు, ట్యాంకు సొంత బరువు వందల కిలోల్లోనే. గచ్చు పగలగొట్టుకుని లేస్తుంది. కాంక్రీటు సంపు లేవకపోయినా అడుగు స్లాబు, మూలల అతుకులు చిట్లి ఆ తర్వాత జీవితాంతం కారుతుంది. మంచినీళ్లతో నిండా నింపి మూత బిగించండి. సంపు మూత గచ్చుకు సమానంగా ఉంటే చుట్టూ ఒక అడుగు గట్టు కట్టించి పైన పెట్టించుకోవాలి.

అపార్ట్‌మెంటు_సెక్రటరీ
సెల్లార్ ఉన్నవాళ్ల గురించి కూడా ఎవరైనా రాస్తారా? మాది 500 గజాలు.

లెక్కలసారు
500 గజాలంటే 418 చదరపు మీటర్లు. రెండు మీటర్ల లోతు నిండితే 8 లక్షల 36 వేల లీటర్లు. నిమిషానికి వెయ్యి లీటర్లు తోడే పంపు ఆపకుండా నడిస్తే 14 గంటలు. కానీ నీరు దిగగానే అలా తోడేయకండి. బయట మట్టి ఇంకా నానే ఉంటుంది, రిటైనింగ్ గోడను లోపలికి తోస్తుంటుంది. ఇన్నాళ్లూ లోపలి నీరే దానికి ఎదురుగా నిలబడింది. లోపలి నీటిని ఒక్కసారి తీసేస్తే గోడ వంగొచ్చు, గచ్చు ఉబ్బొచ్చు. మొదటిరోజు ఒక అడుగే దించి, గోడ మీద గీత పెట్టి రాత్రికి ఆ గీత దాటి నీరు పెరిగిందేమో చూడాలి. పెరుగుతుంటే భూగర్భ నీరు ఇంకా వస్తోందని అర్థం, ఆపాలి. పెరగకపోతే ఆ తర్వాత రోజుకు రెండు మూడు అడుగులు దించొచ్చు.

ముందు జాగ్రత్తకు అన్నిటికన్నా చవక ర్యాంపు మొదట్లో మిట్ట. రోడ్డు కన్నా ఒక అడుగు నుంచి అడుగున్నర ఎత్తు లేపి ఆ తర్వాత కిందికి దింపాలి. కారు అడుగు తగలకుండా రెండు వైపులా వాలు పొడుగ్గా ఇవ్వాలి. దానిపైన అల్యూమినియం పలకలు ఒకదానిమీద ఒకటి దింపే గాడులు ఇరువైపులా బిగించుకుంటే ఇంకో రెండడుగులు ఆగుతుంది. ఆ పలకల అడుగు రబ్బరు ఏటా చూడాలి, ఎండకు బీటలిస్తుంది. కేబుల్ గొట్టాలు గోడలోంచి సెల్లార్‌లోకి దిగే కన్నాలు మూయకపోతే ఇదంతా వృథా.

కరెంటుపని
సెల్లార్ మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెబుతున్నా. వాన మొదలయ్యాక బండి తీసుకురావడానికి సెల్లార్‌లోకి ఎవరూ దిగొద్దు. ర్యాంపు మీద నీళ్లు వరదలా దిగితే లోపలివాళ్లు ఎదురెక్కలేరు, పైగా మీటర్ల బోర్డు అక్కడే ఉంటుంది.

ఇంట్లో అయితే: కింది అంతస్తుకు వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడే స్విచ్), దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది). అప్పుడు కింద ఆపేసి పైన దీపాలు ఉంచుకోవచ్చు. కింది ప్లగ్గులు గచ్చు నుంచి నాలుగడుగులు పైకి, వైర్లు సీలింగు నుంచి కిందికి దించేలా వేయించండి. గచ్చు కింద పైపుల్లో వేస్తే నీరు పైపులో నిలిచి నెలలు గడిచినా లీకేజీ చూపిస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీ నేలమీద పెట్టే అలవాటు మానాలి. అది మెయిన్ ఆపినా కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఈ సంగతి మరిచి నీళ్లలో చెయ్యి పెడతారు.

నీరు గడప తొక్కకముందే మెయిన్ ఆపాలి. బోర్డు దగ్గర అప్పటికే తడి ఉంటే దాన్ని ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేసి స్తంభం దగ్గరే తీయించండి. నీరు పోయాక "ఒకసారి వేసి చూద్దాం" అనొద్దు. ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరులో లీకేజీ చూసే మీటరు) ఒక్కో సర్క్యూటు చూసి, ఒక మెగా ఓమ్ దాటితేనే వేయాలి. మునిగిన ఎంసీబీ, ఆర్సీసీబీలు తుడిచి ఎండబెట్టి వాడేవి కావు, మార్చేయాలి. మోటర్లు ఆరబెట్టి వార్నిష్ వేయిస్తే బతుకుతాయి.

హిమాయత్_బాగ్
గేటు దగ్గర మూడడుగుల కాంక్రీటు గోడ కట్టి, ప్రహరీ అంతా వాటర్‌ప్రూఫ్ చేయిస్తే ఇవన్నీ లేకుండా పోతుంది కదా?

లెక్కలసారు
పోదు. నీటి తోపుడు ఎత్తు వర్గం లెక్కన పెరుగుతుంది. అర మీటరు నీటికి గోడ పొడవున ప్రతి మీటరుకూ 125 కిలోల బలం. ఒక మీటరు నీటికి 500 కిలోలు. ఎత్తు రెట్టింపు, బలం నాలుగింతలు. మన ప్రహరీలు చాలావరకు నాలుగున్నర అంగుళాల ఒంటి ఇటుక, పునాది అడుగు లోతు. అది 500 కిలోలకు నిలబడదు, పడినప్పుడు ఒక్కసారే పడుతుంది, దాని వెనక నిలుచున్నవాళ్ల మీద. వానల్లో గోడ కూలి చనిపోయారన్న వార్తలకు మూలం ఇదే.

రెండడుగులదాకా ఆపండి. అది దాటి వచ్చేలా ఉంటే ఆపే ప్రయత్నం మాని, కరెంటు తీసి, నీటిని లోపలికి రానివ్వండి. లోపలా బయటా మట్టం సమానమైతే గోడ బతుకుతుంది. సామాను పోవచ్చు, ఇల్లు ఉంటుంది.

లెవెల్_మేస్త్రి
బస్తాల గురించి గూడ ఒక మాట. సిమెంటు సంచి నిండ ఇసుక కుక్కి మూతి కట్టొద్దు. సగానికి కొంచెం ఎక్కువ నింపి మూతి కిందికి మడిచి పెట్టాలె, అప్పుడే పక్క సంచికి అతుక్కుంటది. నిండ నింపితే గుండ్రంగ అయితది, నడుమ సందులు. ఇటుక కట్టినట్టు అతుకు మీద అతుకు రాకుండ పేర్చి తొక్కాలె. నీళ్ల దిక్కు తార్పాలిన్ కింద మడిచి మొదటి వరుస కింద పెట్టాలె. నీళ్లు వచ్చినంక ఇసుక దొరకదు, జూన్‌లనే ఇరవై సంచులు నింపి మెట్ల కింద పెట్టుకో.

పాలసీచీటీ
బీమా గురించి క్లుప్తంగా. 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ అమ్మడం మొదలుపెట్టాయి. వరద, ముంపు అందులోనే ఉన్నాయి. భవనానికి తీసుకుంటే సామానుకు ఆ భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలదాకా దానంతటదే వస్తుంది. లెక్కవేయాల్సింది భూమి ధర కాదు, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు. బ్యాంకు అప్పుతో పాటు అంటగట్టిన పాలసీ చాలాసార్లు భవనానికి మాత్రమే ఉంటుంది లేదా అసలు ప్రాణ బీమా అయి ఉంటుంది. తీసి చదవండి.

క్లెయిము పోయేది సర్వేయర్ రాకముందే సామాను పారేయడం వల్ల. ముందు కంపెనీకి తెలపండి, నీటి గీత కనిపించేలా టేపు పట్టుకుని ఫోటోలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వెనక సీరియల్ నంబరు ఫోటో, తడిసిన పరుపుల కుప్ప ఫోటో. కుళ్లేవి ఆగవు కాబట్టి వాటిని పారేయడానికి ఈమెయిల్‌లో అనుమతి అడగండి. కారు మునిగితే స్టార్టు చేయకుండా లాగించండి. స్టార్టు చేశాక పోయిన ఇంజన్‌ను మామూలు పాలసీ ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి.

బస్తీఅక్క
నీళ్లు పోయినంక సంపు ఎట్ల కడగాలె? బ్లీచింగ్ ఎంత?

పైపుపని
తోడేసి, బురద ఎత్తి, గోడలు బ్రష్‌తో కడిగి, మళ్లీ నింపండి. దిగేముందు మూత తీసి గాలి ఆడనివ్వాలి, పైన ఒక మనిషి ఉండాలి. 8 వేల లీటర్లకు 30 శాతం బ్లీచింగ్ పౌడరు సుమారు కిలో మూడు వందల గ్రాములు. బకెట్లో ముద్దగా కలిపి నీళ్లు పోసి, అడుగున సున్నం దిగాక పై తేటే పోయాలి. 12 గంటలు ఉంచి, మోటరు వేసి పై ట్యాంకు, కుళాయిలదాకా ఆ వాసన వచ్చేలా పంపి, మొత్తం వదిలేయాలి. ఆ తర్వాత వాడే నీళ్లకు మొదటి వారం 8 వేల లీటర్లకు 130 గ్రాములు, కలిపాక అరగంట ఆగాలి. పాత డబ్బా అయితే ఘాటు సగం పోయి ఉంటుంది, కొత్తది కొనండి. బ్లీచింగ్ పోసినచోట యాసిడ్ పోయొద్దు, విషవాయువు వస్తుంది. జలమండలి నీళ్లు రంగు మారి వస్తే 155313కు చెప్పండి. బురద కడిగేటప్పుడు బూట్లు, గ్లవుజులు. ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం పది రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు, డాక్టరుకు వరద నీళ్లలో నడిచామని చెప్పాలి.

తూర్పుగేటు
అందరికీ నమస్కారం. మేస్త్రిని తీసుకెళ్లి లెవెల్ పైపుతో కొలిపించాను. కిరాణా షటర్, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఖాళీ ప్లాటు గోడ, మూడు గుర్తులూ రెండు సెంటీమీటర్ల తేడాలోనే ఉన్నాయి. గేటు దగ్గర రోడ్డు మీద నుంచి ఆ మరక 61 సెంటీమీటర్లు. ఇంటి గచ్చు రోడ్డు మీద 42. బాత్రూం జాలీ 36. మ్యాన్‌హోల్ మూత రోడ్డుకు సమానం. నాలా మీద దిగువ కల్వర్టు కింద రెండు పైపులు అడ్డంగా ఉన్నాయి.

మూసీకాడ
అంటే ఆ మరక పడినరోజు కింది గదుల్లో 19 సెంటీమీటర్ల నీళ్లు, అరడుగు పైనే. ఇరుకు మీకు దిగువనే ఉంది, కాబట్టి ఎగదన్నడం మళ్లీ ఉంటుంది. మరకకు ఒక అడుగు కలిపి, రోడ్డు నుంచి 91 సెంటీమీటర్ల కింద విలువైనదేదీ ఉండకూడదని గీత గీసుకోండి.

పైపుపని
జాలీ మ్యాన్‌హోల్ మూత కన్నా 36 సెంటీమీటర్లు పైనుంది, మామూలు వానకు ఎగదన్నదు. కానీ వీధిలో 61 నీళ్లు నిలిచినరోజు మూత మునిగి ఉంటుంది, జాలీలోంచి తప్పక వస్తుంది. వాల్వు పెట్టాల్సిందే. డాబా పైపు ఎందులో కలిసిందో చూశారా?

లెవెల్_మేస్త్రి
గచ్చు లేపుదామనుకుంటే ఆలోచించి చెయ్యి. 19 మీద ఇంకో అడుగు కలిపితే 50 సెంటీమీటర్లు లేపాలె. పాత ఇంట్ల కప్పు పది అడుగులే ఉంటది, దర్వాజలు అన్ని మార్చాలె, లింటెల్ తలకు తగుల్తది. పిల్లర్ల ఇల్లయితే కింది గోడలు తీసేసి బండ్లకు ఇడిచిపెట్టు, పైన ఉండు. కాని అది పిల్లర్లదా, గోడల మీద నిలవడ్డదా ముందు ఇంజనీర్‌కు చూపెట్టు. మూల ఒక్కకాడ సిమెంటు చెక్కి చూస్తె ఎరికైతది.

లెక్కలసారు
బేరం లెక్క మారుతుంది కదా. కింది అంతస్తును నివాసం కింద ధర కట్టకుండా పార్కింగ్ కింద కట్టి మాట్లాడండి. దానిపైన వాల్వు, వైరింగ్ పైకి మార్చడం, సంపు గట్టు ఖర్చు తగ్గించమనండి. మూడు మరకల ఫోటోలు టేపుతో సహా చూపిస్తే అమ్మేవాళ్లకు కాదనడం కష్టం. తగ్గనంటే, అదే వీధిలో నాలాకు దూరంగా, రోడ్డు ఎత్తెక్కిన చివర ఇళ్లు ఏమైనా ఉన్నాయేమో అదే గొట్టంతో కొలవండి.

తూర్పుగేటు
డాబా పైపు మురుగు చాంబరులోకే వెళ్తోంది, ఇప్పుడే చూశాను. పిల్లర్ల ఇల్లే అని ఓనరు అంటున్నారు, ఆదివారం ఇంజనీరు వస్తున్నారు.

పైపుపని
ఆయన వచ్చినరోజే చాంబరు మూత కూడా తీయించండి. రోడ్డు లైనుకు వాలు ఎంతుందో చూసి వాల్వు 110దా 160దా చెబుతాను.